కావిడి నడిమి తప్పిందేటి?

సంపాదకులకు నమస్కారం.

పిల్లల సాహస కథల మీద మీ ఆదివారం అనుబంధంలో నడుస్తున్న ఉత్తరాలు చూస్తున్నాం. ఈ కాలం పిల్లలకు అమాయకుడు కథానాయకుడిగా పనికిరాడు, చురుకైనవాడు కావాలని ఒకరు రాశారు. అమాయకత్వమే బాల్యానికి అందం, కథ చివరిదాకా దాన్ని కాపాడాలని ఇంకొకరు. ఇద్దరూ దాన్ని పుట్టుమచ్చలాగే చూస్తున్నారు. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. కథ అల్లేవాళ్లకు మాత్రం అది బండి ఇరుసు లాంటిది. సాహసికుడి ఎదుగుదల మొత్తం దాని మీదే తిరుగుతుంది కనుక ఎక్కడ అరగాలో, ఎంత అరగాలో ముందే చూసుకోవాలి. పిల్లల కథల రాతప్రతులు దిద్దే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఆ చూసుకోవడం ఎలాగో వివరంగా రాస్తున్నాం. చోటు చాలక కత్తెర వేయాల్సి వస్తే ఈ ఉపోద్ఘాతంలో వేయండి, లెక్కల దగ్గర వేయకండి.

ముందు యాస సంగతి. కథలో ఒక కుర్రాడు అమాయకుడని చెప్పాలనుకోగానే చాలామంది చేసే మొదటి పని వాడి నోట్లో శ్రీకాకుళం మాట పెట్టడం. "ఏటి", "బేగి", "నాకేటీ తెల్దు" అనిపిస్తే చాలు, వాడు వెర్రిబాగులవాడని పాఠకుడికి తెలిసిపోతుందని నమ్మకం. టీవీలోనూ సినిమాల్లోనూ పనివాడికీ నవ్వించేవాడికీ మా యాస తగిలించి తగిలించి ఈ అలవాటు స్థిరపడింది. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం నెలకొల్పిన ఊరు ఈ శ్రీకాకుళం. ఇక్కడి మాటతో ఎంత లోతైన సంగతైనా చెప్పవచ్చని తెలుగు కథ ఎప్పుడో తేల్చేసింది. మా బాధ అటుంచినా, కథ పనికి కూడా ఇది చేటే. యాస మారదు కదా. పన్నెండు వారాల సీరియల్ చివరి వారంలో కూడా కుర్రాడు "బేగి" అనే అంటాడు. మరి వాడు ఎదిగాడని ఎలా చూపిస్తారు? కొందరు చివరి అధ్యాయంలో వాడి చేత పుస్తకాల భాష మాట్లాడిస్తారు. అంతకంటే అవమానం లేదు.

అమాయకత్వం అంటే ఏమీ తెలియకపోవడం అని అనుకోవడం దగ్గరే అసలు తప్పు మొదలవుతుంది. మా తీరానికి జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి, ఎక్కువగా రాత్రిపూట. వెలుతురు ఎటు ఎక్కువగా ఉంటే అటు పాకడం వాటికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. చీకటి రాత్రి ఇసుక కంటే సముద్రం మీద ఆకాశమే తేటగా ఉంటుంది కాబట్టి ఆ బుద్ధి సరైనదే. ఒడ్డున వీధిదీపం వెలిగిందనుకోండి, అదే బుద్ధి వాటిని ఊరి వైపు నడిపిస్తుంది. తాబేలు పిల్లకు తెలివి తక్కువై కాదు. దానికి తెలిసిన నియమం నిజమే, చోటు మారింది. సాహసికుడి అమాయకత్వాన్ని సరిగ్గా ఇలాగే కట్టాలి. సొంత ఊళ్లో నూటికి నూరుపాళ్లు పనిచేసిన ఒక నమ్మకాన్ని అది పనిచేయని చోటికి వాడు మోసుకెళ్లాలి.

దీనికి ఒక కాగితం చాలు. నిలువుగా నాలుగు గళ్లు గీయండి. మొదటి గడిలో కుర్రాడి నమ్మకం, రెండో గడిలో దాన్ని ఎక్కడ ఎలా నేర్చుకున్నాడు, మూడో గడిలో అది ఎక్కడ విరుగుతుంది, నాలుగో గడిలో ఆ ఖరీదు ఎవరు కడతారు. ఆరు నమ్మకాలు రాసి మూడు ఉంచుకోండి. రెండో గడి ఖాళీగా ఉన్న వరుసను మొహమాటపడకుండా కొట్టేయండి. ఎక్కడా నేర్చుకోని నమ్మకం ఉత్త తెలివితక్కువతనం అవుతుంది, దాన్ని చూసి పిల్లలు ఒకసారి నవ్వుతారు, రెండోసారి పేజీ తిప్పేస్తారు. నాలుగో గడిలో మూడుసార్లూ "తానే" అని పడినా కథ ఎదగదు.

ఈ పద్ధతిలో ఒక కథ మొత్తం కట్టి చూపిస్తాం. కథ కల్పితం, కుర్రాడూ కల్పితమే, నది మాత్రం మనదే. కళింగపట్నం దగ్గర బెస్తవాడలో ఎర్రయ్య అని 14 ఏళ్ల గుంటడు. వంశధార సముద్రంలో కలిసే చోటే పుట్టి పెరిగాడు, అది పుట్టే చోటు చూడాలని బయల్దేరాడు. ఒడిశా కొండల్లో పుట్టి సుమారు 250 కిలోమీటర్లు పారి వచ్చే నది అది. శాలిహుండం గుట్ట, శ్రీముఖలింగం, హిరమండలం, కొత్తూరు, భామిని, అవతల గుణుపురం. సంచి మోసుకుంటూ ఆ వయసు పిల్లవాడు రోజుకు 12, 15 కిలోమీటర్లకు మించి నడవడు. ఈ లెక్క తప్పినవాళ్లు కుర్రాణ్ణి పొద్దున సముద్రం దగ్గర లేపి సాయంత్రం కొండల్లో పడుకోబెడుతుంటారు.

మొదటి వారం వాడి తెలివి చూపాలి. దీన్ని చాలామంది దాటేస్తారు, అక్కడే కథ కుంటుపడుతుంది. ఎర్రయ్య ఆకాశం చూసి ఈ పూట తెప్ప దించవచ్చో లేదో చెబుతాడు. రేవులో 3 నంబరు హెచ్చరిక ఎగరేస్తే ఏమిటో, 10 అంటే ఏమిటో వాడికి తెలుసు. చేపల గంపల్ని కావిడి మీద మోయగలడు. ఒడ్డున వేలంపాటలో ఏ గంప ఎంతకు పోతుందో ముందే అంచనా వేస్తాడు. వీటిలో మూడు పనులైనా పాఠకుడు కళ్లారా చూస్తేనే తర్వాత వాడు పొరబడినప్పుడు "అయ్యో" అంటాడు. లేకపోతే "వీడింతే" అంటాడు.

మొదటి నమ్మకం ఆకాశానిది. నెత్తి మీద ఆకాశం తేటగా ఉంటే నీళ్లు ప్రమాదం చేయవు. తీరంలో ఇది చాలావరకు నిజం. కొత్తూరు ఎగువన, సెప్టెంబరులో ఒక రాత్రి, నక్షత్రాలు మెరుస్తుంటే ఎర్రయ్య నది ఇసుకలో పడుకుంటాడు. మెత్తగా ఉంది, దోమల్లేవు, ఇంటి దగ్గర పడుకునేదీ ఇసుకలోనే. వంశధారకు నీళ్లు పట్టే కొండలు చాలావరకు ఒడిశాలో ఉన్నాయి. అక్కడ కురిసిన వాన ఇక్కడ చినుకు పడకుండానే వరదై దిగుతుంది. దాని గుర్తులు వరుసగా వస్తాయి. ముందు నీటి రంగు మారుతుంది, తర్వాత నురగ, ఆకులు, పుల్లలు తేలుతూ వస్తాయి, తర్వాత చప్పుడు మారుతుంది. నదిని నమ్ముకుని బతికేవాళ్లు నీటి అంచున ఒక పుల్ల గుచ్చి చూస్తారు. పుల్ల మునుగుతుంటే నీరు పెరుగుతున్నట్టే. ఈ గుర్తుల్లో రెండింటిని పడుకునే ముందే పాఠకుడికి చూపించాలి, ఎర్రయ్య కూడా చూడాలి. నురగ చూసి వాడు సముద్రపు నురగ గుర్తొచ్చి సంతోషపడాలి. నడిరాత్రి దుప్పటి, చెప్పులు, బియ్యం పోతాయి. తలకింద పెట్టుకున్న సంచి మిగులుతుంది. ఖరీదు వాడిదే.

ఇక్కడ ఒక మాట. ఇప్పటి పిల్లవాడి దగ్గర ఫోను ఉండదా అని అడుగుతారు. ఉండనివ్వండి. బ్యాటరీ అయిపోయిందనో నీళ్లలో పడిందనో రాయడం ప్రతివాడూ చేసే పని. ఫోనులో వాతావరణం చూస్తే అది వాడు నిలబడ్డ ఊరి ఆకాశాన్నే చూపిస్తుంది: వాన లేదు. ఎగువన వంద కిలోమీటర్ల అవతల ఏం కురుస్తోందో అడగాలని తెలిసినవాడే అడుగుతాడు. వాడి పాత నమ్మకానికి ఫోను ఇంకో సాక్షి అవుతుంది, అంతే.

రెండో నమ్మకం ఇంకా ముఖ్యం. ఒడ్డున ఎవరి తెప్పలో ఎంత పడిందో దాపరికం ఉండదు. గంపలు అందరి ముందూ దిగుతాయి, పాట అందరి ముందూ జరుగుతుంది. ఎవరి దగ్గర ఎంత సరుకుందో చెప్పడం తప్పని ఎర్రయ్యకు ఎవరూ నేర్పలేదు, నేర్పాల్సిన పనీ లేదు. వరద తర్వాత కొండ దిగువ ఊళ్లో ఒక అవ్వ వాడికి చోడి అంబలి పోస్తుంది. అటక మీద గంపల్లో పాత చింతపండు చూస్తాడు. కొత్త పంట ఫిబ్రవరి తర్వాత గాని రాదు, అందాకా ధర పెరుగుతుందని ఆవిడ దాచుకుంది. మర్నాడు దారిలో ఒక మనిషి "రారా తమ్ముడూ" అని పలకరిస్తాడు, సంచి పట్టుకుంటానంటాడు, టిఫిను పెట్టిస్తాడు. మూడో నమ్మకం ఇదే: తమ్ముడూ అని పిలిచి కూడు పెట్టినవాడు మనవాడే. మాటల్లో అవ్వ చింతపండు సంగతి ఎర్రయ్య చెప్పేస్తాడు. ఆ మనిషి సంతల్లో కొండ సరుకు కొనే దళారి. అవ్వ అతనికి బాకీ, అడిగితే ధర పెరగకముందే అమ్మక తప్పదు. ఈసారి ఖరీదు అవ్వది.

ఆ దళారిని దుర్మార్గుడిగా దిద్దకూడదు. అతను నిజంగానే ఆకలితో ఉన్న పిల్లవాడికి తిండి పెట్టాడు. పెట్టింది పెట్టడమే, కొన్నది కొనడమే, అతని లెక్కలో రెండూ వేరు. పెట్టిన ఇడ్లీలో కూడా కుట్ర ఉందని రాస్తే కుర్రాడి తప్పు తేలికైపోతుంది. అంత పెద్ద మోసం ఎవరైనా పసిగట్టలేరు కదా అని పాఠకుడు వాణ్ణి క్షమించేస్తాడు.

ఇలాంటి ఘట్టాన్ని మాకు వచ్చే ప్రతుల్లో నూటికి తొంభై ఇలా రాస్తారు: "అమాయకుడైన ఎర్రయ్య అతని తీయని మాటలు నమ్మేశాడు. పాపం, అతని మనసులో ఏముందో వాడికేం తెలుసు!" రెండు వాక్యాల్లో కథ చచ్చిపోయింది. రచయిత ముందే కన్ను గీటాక పిల్లలకు కనిపెట్టడానికి ఏం మిగిలింది? దాన్నే ఇలా రాసి చూడండి:

"ఎర్రయ్య సంచి ఇచ్చాడు. ఆ మనిషి దాన్ని భుజానికి తగిలించుకునే ముందు ఒక చేత్తో పైకెత్తి, ఒక్క క్షణం అలాగే పట్టుకుని, దించాడు. 'రెండు కేజీల మీద రొండొందలు ఉంటాదిరా తమ్ముడూ' అన్నాడు. 'మాయమ్మ ఎండుచేప కట్టింది. నువ్వూ తిను' అన్నాడు ఎర్రయ్య."

చేత్తో తూచిన ఆ ఒక్క క్షణం చాలు. పన్నెండేళ్లు దాటిన పాఠకుడు అక్కడే ఆగుతాడు. ఎనిమిది, పదేళ్ల పిల్లలకైతే ఒక గుర్తు సరిపోదు, కనీసం ఒక పేజీ ఎడంతో రెండోది ఇవ్వాలి. అతని జేబులో పెన్నుతో పాటు మడత పెట్టిన బాకీల చీటీ కనిపించడం లాంటిది. రెండూ ఒకే పేరాలో పెడితే మళ్లీ కన్ను గీటినట్టే. రాతప్రతి పూర్తయ్యాక "అమాయక", "పాపం", "తెలియక" అనే మాటలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టి అన్నీ తీసేయండి. తీసేస్తే ఎక్కడైనా అర్థం చెడితే ఆ చోట సంఘటన ఇంకా తయారు కాలేదన్నమాట.

ఇప్పుడు తప్పు తెలిశాక ఏమవుతుందనేది. ఇక్కడే ఎక్కువమంది రచయితలు పల్టీ కొడతారు. ఒక రాత్రి ఏడ్చి పొద్దున్నే కుర్రాడు రాటుదేలిపోతాడు, ఇక ఎవర్నీ నమ్మడు, దాన్నే ఎదుగుదల అంటారు. మా దృష్టిలో అది అదే తప్పు తిరగబడి రావడం. "అందరూ మనవాళ్లే" అన్నది ఎంత బద్ధకపు నియమమో "అందరూ మోసగాళ్లే" అన్నదీ అంతే. ప్రతి మనిషినీ విడిగా చూసే శ్రమ రెండూ తప్పిస్తాయి. అందుకని రెండో దెబ్బ తర్వాత రెండు అధ్యాయాలు కుర్రాడు అతిగా అనుమానించాలి, ఆ అనుమానం ఒక మంచివాడికి తగలాలి. ఎర్రయ్య చెప్పులు వరదలో పోయాయి కదా. అవ్వ మనవడు పాత చెప్పుల జత ఒకటి పట్టుకుని వాడి వెనకాలే పరిగెత్తుకొస్తాడు. వెనక ఎవరో తరుముతున్నారని ఎర్రయ్య పొదల్లో దాక్కుని రాయి విసురుతాడు. కుర్రాడు చెప్పులు అక్కడే పడేసి నుదురు పట్టుకుని వెళ్లిపోతాడు. ఆ చెప్పులు వేసుకుని మిగతా కథంతా నడవాలి వీడు. ఇంతకంటే వ్యాఖ్యానం అక్కర్లేదు.

నమ్మకం పోవడం ఒక్కటే ఎదుగుదల అయితే కథ ఇక్కడ ఆగిపోవాలి. ఆగదు, ఎందుకంటే అమాయకుడి దగ్గర ఇంకో బలం ఉంది: ఏది అడగకూడదో వాడికి తెలియదు. ఏడు చేపల కథ గుర్తు చేసుకోండి. చేప ఎందుకు ఎండలేదని చేపనే అడుగుతాడు, గడ్డిమోపును అడుగుతాడు, ఆవును అడుగుతాడు, చివరికి చీమ దాకా వెళ్తాడు. లోకం తెలిసినవాడు రెండో ప్రశ్న దగ్గరే ఊరుకునేవాడు. మన పిల్లలకు మనం చెప్పే మొదటి కథే అడగడానికి సిగ్గుపడని వాడి కథ.

సంతలో దళారి అవ్వ చింతపండు తూచుతున్నాడు, చేత్తో పట్టే ఇనపదండె తక్కెడతో. ఎర్రయ్యకు కిరాణా కొట్లో అంకెలు వెలిగే మిషను తెలుసు, ఒడ్డున గంపల పాట తెలుసు, ఈ తక్కెడను దగ్గరగా చూడడం ఇదే మొదలు. చుట్టూ ఉన్నవాళ్లందరికీ అందులో తేడా ఉందని తెలుసు, ఎవరూ మాట్లాడరు. చిప్ప అడుగున మైనం అంటించడం పాత మోసం, ఖాళీ తక్కెడ ఎత్తితేనే బయటపడుతుంది. ఇది దానికంటే నేర్పైనది. దండె పొడవు 36 సెంటీమీటర్లు అనుకుందాం. పట్టుకునే తాడు సరిగ్గా మధ్యలో ఉంటే అటు 18, ఇటు 18. ఒక్క సెంటీమీటరు జరిపితే 17, 19. పొట్టి వైపు చిప్పను ఆ మేరకు బరువుగా చేయించుకుంటే ఖాళీ తక్కెడ తిన్నగానే నిలబడుతుంది, ముల్లు మధ్యలోనే ఉంటుంది. సరుకు పొట్టి వైపు వేస్తే 9 కిలోల చింతపండు 8 కిలోలే తూగుతుంది. అదే సరుకును అవతలి చిప్పలోకి మార్చి, పడికట్టు రాళ్లను ఇవతల పెడితే 10 తూగుతుంది. ఒక్క సెంటీమీటరుకు కిలో సరుకు పోయింది.

ఇదంతా ఎర్రయ్యకు తెలియదు. వాడికి కావిడి తెలుసు. భుజం మీద కర్ర నడిమికి లేకపోతే పొడుగు వైపు తక్కువ గంప కూడా ఎలా కిందికి లాగుతుందో వాడి భుజానికి తెలుసు. అందుకని గట్టిగా, అందరిలో, నిజంగా సాయం చేద్దామనే అడుగుతాడు: "మావా, నీ కావిడి నడిమి తప్పిందేటి?"

ఆ వాక్యంలో యాస ఉంది, చూడండి. నవ్వు కూడా వస్తుంది. కానీ నవ్వు ఎవరి మీదికి పోయిందో గమనించండి. కథ మొత్తంలో వాడి అమాయకత్వం, వాడి పనితనం ఒకే వాక్యంలో కలిసిన చోటు ఇది. ఇలాంటి చోటు ఒక్కటే ఉండాలి, అది మూడు వంతుల కథ అయ్యాకే రావాలి. ముందే వస్తే వాడు బాలమేధావి అయిపోతాడు, ఇక దేనికీ భయపడనక్కర్లేదు.

ఆ ప్రశ్నకు సంతంతా చప్పట్లు కొట్టినట్టు రాసేవారున్నారు. దయచేసి అలా రాయకండి. అవ్వ వచ్చే వారం కూడా అదే దళారికి అమ్మాలి, బాకీ అతని దగ్గరే ఉంది. దళారి ఆవిడ వైపు చూస్తాడు. "ఈ గుంటడెవరో నాకు తెల్దు బాబూ" అంటుంది అవ్వ. నిజం చెప్పడానికీ ఖరీదు ఉందని, అది మళ్లీ తను కట్టేది కాదని ఎర్రయ్యకు అప్పుడు అర్థమవుతుంది. అర్థమైందని మీరు రాయకండి. వాడు నోరు మూసుకుని రాళ్లు ఎత్తి అవతలి చిప్పలో పెట్టి చూస్తాడో, చేయి వెనక్కి తీసుకుంటాడో, అది రచయిత తేల్చుకోవాలి. మేమైతే పెట్టిస్తాం. అవ్వను తెలియనట్టే చూస్తూ, తన ఎండుచేపల మూటను తూచమని ఇస్తాడు, ముందు ఇటు, తర్వాత అటు. అవ్వ పేరు రాకుండా తక్కెడ సంగతి బయటపడుతుంది. ఇదే కుర్రాడు కొన్నాళ్ల క్రితం అవ్వ అటక మీద ఏముందో దారినపోయేవాడికి చెప్పాడు.

అదృష్టం గురించి ఒక కట్టుబాటు. అదృష్టం కుర్రాణ్ణి చిక్కులో పడేయవచ్చు, చిక్కులోంచి తీయకూడదు. సమయానికి ఫారెస్టు జీపు రావడం, వరదలో దుంగ చేతికి తగలడం ఒకసారి జరిగినా అప్పటిదాకా వాడు కట్టిన ఖరీదంతా వెనక్కి ఇచ్చేసినట్టవుతుంది. అలాగే చెట్టుకింద కూర్చుని లోకం తీరు చెప్పే తాతలు. మన కథల్లో తాతలు మరీ ఎక్కువైపోయారు. ఉంటే ఉండనివ్వండి, వరద గుర్తుల గురించి మాత్రం చెప్పించకండి. పడవవాడు పుల్ల గుచ్చుతుంటే కుర్రాడు చూస్తే చాలు.

చోటు తెలియకుండా అమాయకత్వం అంటగట్టడం ఇంకో జబ్బు. తుఫాను కథల్లో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడిమామిడినీ కూల్చాక అలాంటి కథలు పెరిగాయి. తుఫాను కన్ను నెత్తి మీదికి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. అంతదాకా ఈశాన్యం నుంచి కొట్టిన గాలి, కన్ను దాటాక నైరుతి నుంచి, తిరగబడి కొడుతుంది. గాలి ఆగగానే అయిపోయిందనుకుని బయటికి పరిగెత్తే కుర్రాణ్ణి రాయాలంటే వాణ్ణి పార్వతీపురం అవతలి కొండ ఊరి నుంచి తీరానికి చుట్టపుచూపుగా రప్పించండి. తీరంలోని మంచినీళ్లపేట కుర్రాడు ఆ పని చేశాడని రాస్తే ఆ ఊళ్లో ఆరేళ్ల పిల్ల కూడా మీ కథ మూసేస్తుంది.

ఆడపిల్ల సాహసికురాలైతే లెక్క కొంత మారుతుంది. ఆమెకు ఎనిమిదేళ్ల నుంచే ఎవర్ని నమ్మకూడదో నేర్పుతారు. కాబట్టి ఆమె మోసుకెళ్లే పాత నియమం నమ్మకం కాక భయం అయ్యే అవకాశమే ఎక్కువ, విరగాల్సిందీ అదే. కాగితం మీద నాలుగు గళ్లు మాత్రం అవే.

కొలతలు కావాలంటే ఇవి. వారానికి 900 మాటల చొప్పున 12 వారాల సీరియల్‌లో మొదటి వారం పనితనం, రెండులో నమ్మకం నాటడం, నాలుగులో వరద. ఐదులో అవ్వ, ఆరులో దళారి, ఏడులో అవ్వ నష్టం తెలియడం. ఎనిమిది, తొమ్మిది అనుమానం. పది, పదకొండు సంత. నాటిన దానికీ ఖరీదుకూ మధ్య ఒకటి రెండు వారాల ఎడం ఉండాలి. అదే వారంలో తేలితే చిట్కా కథ అవుతుంది, నాలుగు వారాలు దాటితే పిల్లలు మరిచిపోతారు. పన్నెండో వారం ఎర్రయ్య నది పుట్టిన చోటికి చేరాలా అంటే, అక్కర్లేదు. దారిలో ఇంకొకరు "తమ్ముడూ, సంచి ఇటియ్యి" అంటారు. ఇస్తాడు. డబ్బు మొలలో ఉంచుకుని సంచి ఇస్తాడు. రాత్రి నది ఒడ్డున, ఇసుకలో కాకుండా గట్టు మీద, అవ్వ మనవడి చెప్పులు తలకింద పెట్టుకుని పడుకుంటాడు. పడుకునే ముందు నీటి అంచుకు దిగి ఒక పుల్ల గుచ్చి వస్తాడు.

ఇక మీ పత్రికతో పని. ఇంత కష్టపడి రచయిత దాచినదాన్ని పత్రికలే బయటపెట్టేస్తుంటాయి. మొదటిది "జరిగిన కథ" డబ్బా. "మోసగాడైన దళారి వలలో ఎర్రయ్య చిక్కుకుంటాడు" అని అందులో అచ్చయితే ఆ వారం కథ చదవనక్కర్లేదు. ఆ నాలుగు వాక్యాలను రచయిత చేతే రాయించండి, కుర్రాడికి అప్పటిదాకా తెలిసింది మాత్రమే అందులో ఉండాలి. రెండోది బొమ్మ. దళారికి మెలితిరిగిన మీసం, ఓరచూపు, నోట్లో చుట్ట పెట్టి గీస్తారు. అతని ముఖంలో ఏమీ ఉండకూడదు, సంచి పైకెత్తిన చేయి ఉంటే చాలు. బొమ్మలు వేసేవారికి ఆ వారం అధ్యాయం ఒక్కటే పంపండి, తర్వాతి వారానిది పంపకండి. కుర్రాడికి తెలియంది వారికీ తెలియకపోతే ఆ ముఖం వారు సరిగ్గానే గీస్తారు.

ఇట్లు,
పిల్లల కథల ప్రతులు దిద్దే కొందరం,
శ్రీకాకుళం